నది అడ్డురాని వంతెన

ఆ ఏడాది జిల్లాకి సైకిలు పూనకం వచ్చింది.

పైనెక్కడో ఉండే ఒక పెద్దాయన ఏదో చల్లటి దేశం వెళ్లారు. అక్కడ నది పక్కన నున్నటి బాట మీద జనం సైకిళ్లు తొక్కుకుంటూ పోవడం చూసి ముచ్చటపడ్డారు. పెద్దవాళ్లు ముచ్చటపడితే అది పథకం కాక మానదు. ఆ పథకం మెట్టు మెట్టుకీ ఓ సంతకం పెట్టించుకుంటూ కిందికి దిగి, చివరికి గౌరీరేవు పట్టణంలోని నదీతీర విహారాభివృద్ధి సంస్థ ఆఫీసులో, సీనియర్ అసిస్టెంటు కుడుపూడి ధర్మారావు బల్ల మీద పడింది. అక్కణ్ణించి కిందికి ఇంక మెట్లు లేవు.

పథకం పేరు ‘ఆవలి గట్టు మహా సైకిలు యాత్ర’. గౌరీరేవులో బయల్దేరి, గోదావరి దాటి, ఆవలి గట్టు పట్టుకుని కొబ్బరితోటల నీడన సముద్రం దాకా తొక్కుకుంటూ పోవడం. చదువుతుంటేనే ఒంటికి గాలి తగులుతున్నట్టు ఉంటుంది. ఆవలి గట్టు మీదే బయల్దేరితే నది దాటే బెడద తప్పుతుంది కదా అని మీరు అడగొచ్చు. ఆవలి గట్టున గెస్ట్‌హౌసు లేదు. గెస్ట్‌హౌసు లేనిచోట జెండా ఊపిన దాఖలా మన దేశంలో ఇంతవరకూ లేదు.

పథకంలో ఒక షరతు ఉంది. “యాత్రారంభమునకు ముందు, నదిని దాటుటకు సైకిలు అనుకూలమైన వంతెన యొకటి శాస్త్రీయముగా ఎంపిక చేయబడవలెను.” ధర్మారావు కొంప ముంచింది ఈ ఒక్క వాక్యమే.

ధర్మారావు ఇల్లు నదికి అటుపక్క కొబ్బరిలంకలో. ఆఫీసు ఇటుపక్క ఊళ్లో. మధ్యలో తెల్లదొరల కాలం నాటి పాత వంతెన. ఎగువన ఎక్కడో కొత్త పెద్ద వంతెన వచ్చాక లారీలూ బస్సులూ అటు పోయాయి, పాతదాన్ని ప్రభుత్వం మర్చిపోయింది. ప్రభుత్వం మర్చిపోయిన వస్తువు కాబట్టి అది బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పాలకేన్లవాళ్లు, చేపల తట్టలవాళ్లు, అరటిగెలలవాళ్లు, బడికిపోయే పిల్లలు, అందరూ దాని మీదే సైకిళ్లు తొక్కుకుంటూ పోతారు. అది సైకిలు అనుకూలమైనదని వాళ్లకెవరూ చెప్పలేదు.

ధర్మారావు భార్య విజయభారతి ఊళ్లో పెద్దాసుపత్రిలో నర్సు. రెండేళ్లుగా నైట్ డ్యూటీ. పొద్దున్నే తన సైకిలు మీద వంతెన దాటి ఇంటికొచ్చేసరికి ధర్మారావు డికాషన్ దింపి ఉంచుతాడు. ఇద్దరూ గుమ్మంలో మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతారు. ఆవిడ వార్డు కబుర్లు చెబుతుంది, ఆయన ఫైళ్ల కబుర్లు చెబుతాడు. రెండిట్లోనూ చావుబతుకుల మధ్య ఉన్నవే ఎక్కువ. తర్వాత ఆవిడ పడుకుంటుంది, ఆయన బయల్దేరతాడు. సాయంత్రం ఆయన వస్తూ ఆవిడ వెళుతూ వంతెన మధ్యలో ఎదురుపడతారు. ఒక కాలు కింద ఆనించి, కూర ఎక్కడ పెట్టిందో ఆవిడ చెప్పి బెల్లు కొట్టుకుంటూ వెళ్లిపోతుంది. వాళ్ల కాపురమంతా ఆ కాఫీలోనూ ఆ వంతెన మీదా ఉంది. అందులో ఏ ఒక్కటి పోయినా తట్టుకునేంత మిగులు వాళ్ల దగ్గర లేదు.

సంస్థ డైరెక్టరు రావిపూడి జగదీశ్వర్ గారు మీటింగు పెట్టారు. ఆయనకి ‘దృక్పథం’ అనే మాట లేకుండా మంచినీళ్లు కూడా అడగడం రాదు. కొత్త వంతెన సంగతి ముందు చర్చకొచ్చింది. సైకిళ్ల పట్ల వంతెనకి ఏ అభ్యంతరమూ లేదనీ, లారీలకే ఉందనీ ఇంజనీరుగారు విన్నవించారు. దాన్ని కొట్టేశారు. తర్వాత, మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పంటు. పంటు రేవు దిగువన చాలా దూరం, పైగా పోటు చూసుకుని బయల్దేరుతుంది. అసలు చిక్కు అది కాదు. పంటు మీద మనిషి ప్రయాణికుడు, సైకిలు సామాను. షరతులో సైకిలు మీద దాటవలెనని భావం ఉంది కాబట్టి, పంటు కదులుతున్నంతసేపూ రైడర్లు దాని మీదే గుండ్రంగా తొక్కుతూ ఉండొచ్చునేమోనని అకౌంట్సు ఆయన సూచించాడు. ‘పరిశీలించదగినది’ అని రాసుకున్నారు.

అప్పుడు డైరెక్టరుగారు, మనలో సైకిలు తొక్కేవారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. అందరూ మొహాలు అటు తిప్పుకున్నారు. తలుపు దగ్గరున్న అటెండరు అప్పన్న మాత్రం ధర్మారావు వైపు వేలు చూపించాడు. ఇన్నేళ్లుగా ధర్మారావు సైకిలు ఆఫీసు జనరేటరు వెనకాల నిలబడేది. ‘ధర్మారావుగారి విమానం’ అని దానికి పేరు. అలాంటిది ఆ గదిలో అతన్ని ఒక సలహా అడగడం అదే మొదటిసారి. అతని గుండె పొంగిపోయింది. ఆ పొంగులో నోరు జారింది.

“ఆయ్, పాత వంతెనండి. నేను రోజూ దాటతానండి. జిల్లా మొత్తం మీద అంత హాయైన దారి ఇంకోటి లేదండి” అన్నాడు.

డైరెక్టరుగారు ఎంతో సంతోషించి, మినిట్సులో అతని పేరు పక్కన ‘సైకిలు నిపుణుడు’ అని రాయించారు. ధర్మారావు ఆ సాయంత్రం వంతెన మీద భార్యని ఆపి ఈ వార్త చెప్పాడు. ఆవిడ అభినందిస్తుందని అతని ఆశ.

“బాగుందని వాళ్లకెందుకు చెప్పారండీ? వాళ్ల కంట్లో పడలేదు కాబట్టేగా ఇన్నాళ్లూ బాగుంది” అంది భారతి. బెల్లు కొట్టకుండానే వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా రాజధాని నుంచి కన్సల్టెంటు దిగాడు. అభినవ్ అని కుర్రాడు, ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల బట్టల్లో వచ్చాడు. అతని సైకిలు కారు నెత్తి మీద కట్టి ఉంది. దుమ్ము పడుతుందని దాన్ని దింపలేదు. వంతెన దగ్గర డేరా వేయించి, కెమెరాలు పెట్టించి, కొన్నాళ్లు అధ్యయనం చేసి, పటాలు వేసి చూపించడానికి మళ్లీ మీటింగు పెట్టించాడు.

మొదటి పటంలో పాలకేన్ల మనిషి. రెండోదానిలో గ్యాసు బండ కట్టుకున్న మనిషి. మూడోదానిలో ఒక సైకిలు మీద ముగ్గురు పిల్లలు. రోజూ వందలమంది సైకిళ్ల మీద దాటుతున్నారు కదా, ఇంక అనుకూలతకి సాక్ష్యం ఏం కావాలని ధర్మారావు లోలోపల మురిసిపోతున్నాడు. అభినవ్ పెదవి విరిచాడు. వీళ్లు సైకిలిస్టులు కారనీ, సైకిలు మీద పనికిపోయేవాళ్లనీ, మన లక్షిత వర్గం వేరనీ వివరించాడు. వాళ్లనందరినీ లెక్కలోంచి తీసేశాడు. తీసేస్తే ఆ వంతెన మీద సైకిలిస్టులు ఎవరూ మిగల్లేదు.

తర్వాత అతను గొంతు తగ్గించి అసలు ప్రమాదం చూపించాడు. వంతెన మధ్యకి వచ్చేసరికి ప్రతి మనిషీ హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీస్తున్నాడు. నుదుటికి ఆనిస్తున్నాడు. కొందరు కళ్లు కూడా మూసుకుంటున్నారు. ఒక ముసలాయన బొడ్లోంచి రూపాయి తీసి నీళ్లలోకి విసురుతున్నాడు. దీన్ని అభినవ్ ‘హ్యాండిలు పరిత్యాగం’ అన్నాడు. ఆఖరి పటంలో టిఫిన్ క్యారేజీ తగిలించుకున్న ఒక బట్టతల మనిషి చెయ్యెత్తి దండం పెడుతూ కనిపించాడు. గదిలో అందరూ ధర్మారావు వైపు తిరిగారు.

“ఏమిటిది ధర్మారావు గారూ?” అన్నారు డైరెక్టరుగారు.

“అలవాటండి. గోదారమ్మ కదండీ.”

“ఎవరు అలవాటు చేశారు?”

“మా నాన్నగారండి. నన్ను ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని దాటేవారండి.”

“దీనికి సంబంధించి ఉత్తర్వేదైనా ఉందా?”

లేదని ధర్మారావు ఒప్పుకున్నాడు. ‘నిరాధారమైన వంశపారంపర్య అలవాటు’ అని మినిట్సులో ఎక్కింది. రాసింది ధర్మారావే, ఎందుకంటే మినిట్సు రాయడం అతని సీటు పని. నివేదిక చివర తేలినదేమిటంటే, వంతెన గట్టిదే, సైకిళ్లు మంచివే, ప్రమాదానికి మూలకారణం ‘నది కనబడుట’. ఆ కారణం తొలగేవరకూ వంతెనని సైకిలు అనుకూలమైనదిగా ధ్రువీకరించడానికి వీల్లేదు. ధ్రువీకరణ లేని వంతెన మీద, పథకం నడుస్తున్న రోజుల్లో, సైకిళ్లని వదలడం బాధ్యతారాహిత్యం.

మర్నాడే బోర్డు పెట్టారు. ‘సైకిలు అనుకూలత నిమిత్తం ఈ వంతెనపై సైకిళ్లకు ప్రవేశము లేదు.’ పోనీ సైకిలు ఇంటిదగ్గర పారేసి నడిచి పోదామా అంటే, సైకిలు అనుకూల వంతెన మీద పాదచారులు సైకిళ్లకి అడ్డం కనక వాళ్లనీ ఆపేశారు. రెండు చివర్లా ఇనుప గొట్టాలు పాతి, ఇద్దరు కాపలావాళ్లని కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి వంతెన మీద ఒక్క సైకిలూ జారలేదు, ఒక్క చెయ్యీ హ్యాండిల్ వదల్లేదు. సాధించిన ఈ భద్రతకి పైనుంచి ప్రశంసా పత్రం వచ్చింది. పాలు ఊళ్లోకి చేరేసరికి విరిగిపోతున్నాయని టీకొట్లవాళ్లు గోల పెట్టారు గాని, పాలు విహార సంస్థ పరిధిలోకి రావు.

ధర్మారావు ఇంట్లో కాఫీ కూడా విహార సంస్థ పరిధిలోకి రాలేదు. ఇప్పుడు అతను బస్సెక్కి, కొబ్బరిలంక నుంచి ఎగువకి పోయి, పెద్ద వంతెన దాటి, మళ్లీ దిగువకి ఊళ్లోకి రావాలి. భారతి ఇంటికి చేరడానికీ అదే చుట్టు. ఆవిడ ఇంటికి వచ్చేలోగా అతను వెళ్లిపోవాలి, అతను వచ్చేలోగా ఆవిడ వెళ్లిపోవాలి. అతను కాఫీ కలిపి ఫ్లాస్కులో పోసి పెట్టి తలుపుకి తాళం వేసేవాడు. సాయంత్రం వచ్చేసరికి ఫ్లాస్కు కడిగి బోర్లించి ఉండేది. మెట్ల మీద ఒక్కడూ కూర్చుంటే అతనికి ఏడుపొచ్చినంత పనయ్యేది. ఇన్నేళ్లుగా ఏం మాట్లాడుకునేవాళ్లమో గుర్తుచేసుకుంటే, ఒక్కటీ చెప్పుకోదగ్గ మాట కాదు. అయినా ఆ మాటలు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు.

ఆదివారం ఆవిడకి డ్యూటీ. ఎప్పుడైనా సెలవు దొరికితే ఒళ్లు తెలియని నిద్ర. ఫోను చేస్తే ఆసుపత్రిలో ఎవరో పిలుస్తూ ఉండేవారు. “ఆ వంతెనేదో తేల్చుకురండి ముందు. మీరు పెట్టిన మంటేగా” అని పెట్టేసేది.

తేల్చుకురావాలనే ధర్మారావు కంకణం కట్టుకున్నాడు. కమిటీ ఎంత తొందరగా ఏదో ఒక వంతెన ఎంపిక చేసి యాత్ర జరిపించేస్తే అంత తొందరగా ఈ పూనకం దిగుతుంది, పాత వంతెనని మళ్లీ అందరూ మర్చిపోతారు. అతని లెక్క అది. అందుకని ఫైలుని పరుగులు పెట్టించాడు.

నది కనబడకుండా చేసే మార్గాల కోసం మూడో మీటింగు జరిగింది. ఇంజనీరుగారు వంతెనకి రెండు పక్కలా నిలువెత్తు ఆకుపచ్చ గుడ్డ కట్టిద్దామన్నారు. మచ్చుకి కొంతమేర కట్టి, ఆఫీసు సిబ్బంది చేత తొక్కించారు. అప్పన్న వంతెన మధ్యకి రాగానే గుడ్డకి దండం పెట్టాడు. వెనక వస్తున్న ఇద్దరూ కూడా పెట్టారు. నది కనబడకుండానే ఎలా తెలిసిందని అభినవ్ నిలదీస్తే, గాలి మారుతుంది కదండీ అన్నాడు అప్పన్న. ఆ మారిన గాలే ఆ రాత్రి గుడ్డని ఊడబీకి నదిలో పడేసింది. మర్నాడు లంక పడవలన్నిటికీ ఆకుపచ్చ తెరచాపలు లేచాయి.

“ప్రజల్లో నది ఇంత లోతుగా పాతుకుపోయిందని నాకు తెలీదు” అన్నారు డైరెక్టరుగారు విచారంగా. చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి ఆయన మొహంలో వెలుగుంది. “మనం ఇంతకాలం తప్పు దృక్పథంలో ఉన్నాం. సమస్య వంతెనలో లేదు, సైకిల్లో లేదు. నదిలో ఉంది. మనకి కావలసింది నది అడ్డురాని వంతెన.”

అలాంటిది ఒకటి ఉందని ఇంజనీరుగారు వెంటనే కనిపెట్టారు. గెస్ట్‌హౌసు వెనకాల పాతకోడు మీద చిన్న తూము ఉంది. ఎప్పుడో గోదావరి పాయ ఒకటి అక్కడ పారేదట. ఇప్పుడు తుమ్మచెట్లూ, ఊళ్లో చెత్తా పారుతున్నాయి. అయినా సర్వే పటంలో అది నీలం గీతే. నీలం గీత చెరపనంతకాలం చట్టరీత్యా అది నదే. అభినవ్ కారు మీంచి మొదటిసారిగా సైకిలు దింపి ఆ తూము మీద తొక్కి చూశాడు. బెల్లు కొట్టడం మొదలుపెట్టి ఆపేలోగా నది దాటేశాడు. తర్వాత సిబ్బంది చేత తొక్కిస్తే ఒక్కరూ దండం పెట్టలేదు. ఒకరిద్దరు ముక్కు మూసుకోవడానికి చెయ్యి వదిలారు గాని, ముక్కులకి ముందే గుడ్డలు కట్టించవచ్చని తీర్మానించారు. పాతకోడు తూముకి సైకిలు అనుకూల నదీ వంతెనగా పత్రం రాసిచ్చారు.

మీటింగు ముగిసి అంతా లేచిపోబోతుండగా ధర్మారావు నిలబడ్డాడు. అతని నిజాయితీ అలాంటిది.

“సార్, తూము దాటినా ఈ గట్టునే ఉంటామండి. పథకం ఆవలి గట్టుదండి.”

డైరెక్టరుగారు చిరునవ్వు నవ్వారు.

“ఆవలి అంటే ఏమిటి ధర్మారావు గారూ? మీ కొబ్బరిలంకలో నిలబడి చూసేవాడికి ఏది ఆవలి?”

“ఇదేనండి.”

“వాడు మన జిల్లా పౌరుడు కాడా?”

“ఆయ్, పౌరుడేనండి.”

“మరి వాడి దృక్పథాన్ని మనం గౌరవించవద్దా?”

అవతలి గట్టువాడి మీద అంత గౌరవం చూపించిన అధికారిని ధర్మారావు అంతకుముందు ఎరగడు. ఇక ఉత్తర్వు రాయడమే తరువాయి. పాత లెక్కన అవతల ఉన్న గట్టుని ఆవలి గట్టు కాదనడానికి మాత్రం వీల్లేదు. దాని పేరు మీద నిధులు వచ్చేసి ఉన్నాయి. కాదంటే వెనక్కి పంపాలి. కాబట్టి అదీ ఆవలి గట్టే, ఇదీ ఆవలి గట్టే. గోదావరికి ఈవలి గట్టు అనేది ఆ జిల్లాలో లేకుండా పోతుంది, దానివల్ల ఎవరికీ నష్టం లేదని అకౌంట్సు ఆయన లెక్క తేల్చాడు.

ధర్మారావు రాసిన డ్రాఫ్టులో సందు ఉండదని ఆఫీసులో పేరు. అదొక్కటే అతని గర్వం. పని తొందరగా తెమిలిపోవాలి, రేపు ఆడిట్‌వాళ్లు వేలు పెట్టకూడదు, అతని మనసంతా అందులోనే ఉంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాసేశాడు. “గౌరీరేవు వైపు గట్టు సైతము ఆవలి గట్టుగానే పరిగణింపబడవలెను.” చదువుకున్నాడు. బాగానే ఉంది గాని, యాత్రకి మాత్రమే అని ఎవరైనా మెలిక పెట్టొచ్చు. చేయి తిరిగిన వంటవాడు ఆఖర్న కరివేపాకు వేసినట్టు, ‘అన్ని కార్యాలయ వ్యవహారములకును’ అని చేర్చాడు. డైరెక్టరుగారు చదివి శభాష్ అన్నారు. ఇంటికెళ్లే బస్సులో ధర్మారావు చాలాకాలానికి హాయిగా నిద్రపోయాడు.

యాత్ర ప్రారంభం ఎంతో వైభవంగా జరిగింది. గెస్ట్‌హౌసు ముందు వేదిక, మామిడి తోరణాలు, సన్నాయి. పైనున్న పెద్దాయన స్వయంగా వచ్చి, ఆ చల్లటి దేశంలో కూడా ఇంత సురక్షితమైన నదీ వంతెన తాను చూడలేదన్నారు. అది నిజమే. జెండా ఊపారు. ఎక్కడెక్కణ్ణించో వచ్చిన రైడర్లు, ముక్కుకి గుడ్డలతో, రెండు చేతులా హ్యాండిల్ పట్టుకుని తూము మీదుగా వెళ్లారు. మైకులో ‘నదిని దాటారు, నదిని దాటారు’ అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. గోదావరి ఎటుందండీ అని ఒక రైడరు అడిగితే, దాటేశారండి, వెనకబడిపోయింది అని చెప్పారు.

ఆవలి గట్టుగా మారిన ఈవలి గట్టు మీద బాట ఇటుకబట్టీల దాకా పోయి, ఇసక గుట్టల దగ్గర ఆగిపోయింది. సముద్రం ఇంకా చాలా దూరం. రైడర్లని అక్కడే దింపి, మజ్జిగ ఇచ్చి, మహాయాత్ర పూర్తిచేసినట్టు పత్రాలు పంచారు. ధర్మారావుకి వేదిక మీద శాలువా కప్పారు. సైకిలు నిపుణుడు సైకిలు మీద రాలేదేమని పెద్దాయన చమత్కరిస్తే అందరూ నవ్వారు. ధర్మారావు సైకిలు కొబ్బరిలంకలో చూరు కింద గాలి దిగిపోయి ఉంది.

మర్నాడు శాలువా మడతపెట్టుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్లాడు. యాత్ర అయిపోయింది కదండీ, పాత వంతెన తెరిపించండి అని వేడుకున్నాడు. ఆయన ఎంతో దయగా విన్నారు. పాత వంతెన అధ్యయనం నిమిత్తం మూసిందనీ, తూము ఎంపిక కావడంతో అధ్యయనం రద్దయిందనీ, అధ్యయనం పూర్తికాకుండా తెరవడానికి వీల్లేదనీ, రద్దయిన అధ్యయనం పూర్తయ్యే ప్రసక్తి లేదనీ సావకాశంగా చెప్పారు. కావాలంటే వ్యక్తిగతంగా ఒక అర్జీ పెట్టుకోమన్నారు.

ధర్మారావు పెట్టుకున్నాడు. తన ఇల్లు నదికి ఒక గట్టున, ఆఫీసు మరో గట్టున ఉన్నందున, వంతెన లేక భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదని, ఉన్నదున్నట్టు రాశాడు. భార్య ప్రస్తావన అర్జీలో ఉండకూడదని తెలుసు. అయినా ఉంచాడు. ఆ కాగితం టపాలో వేస్తే డైరెక్టరుగారి దాకా వెళ్లి, ‘నిబంధనల మేరకు జవాబు పెట్టండి’ అనే రాతతో సంబంధిత సీటుకి తిరిగొచ్చింది. వంతెనలకి సంబంధించిన సీటు ధర్మారావుదే.

తన అర్జీకి తనే జవాబు రాసే అవకాశం దొరికినందుకు అతనికి ముందు ఆశ కలిగింది. ఫైలు తెరిచాడు. తన ఉత్తర్వు తీశాడు. అందులో ఎక్కడో ఒకచోట సందు దొరుకుతుందని మధ్యాహ్నమంతా వెతికాడు. ‘అన్ని కార్యాలయ వ్యవహారములకును’ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఎటునుంచి చూసినా సూది దూరే ఖాళీ లేదు. ఒక్క క్షణం, ఎంత గట్టిగా రాశాను అనిపించి, అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. నిబంధనల మేరకు రాయవలసింది ఒక్కటే ఉంది. రాశాడు. సంతకానికి పంపాడు. సంతకమై వచ్చాక, అందినట్టు తనే సంతకం పెట్టి తీసుకున్నాడు.

భారతికి సెలవు దొరికిన రోజున ఆ కాగితం ఆవిడకి చూపించాడు. మెట్ల మీద కూర్చుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆవిడ పైకే చదివింది. “అర్జీదారుని గృహమును, కార్యాలయమును ఆవలి గట్టుననే, అనగా ఒకే గట్టున ఉన్నందున, వంతెన యొక్క ఆవశ్యకత ఉత్పన్నము కాదు. అర్జీ తిరస్కరించడమైనది.”

“మన ఇల్లూ మీ ఆఫీసూ ఒకే గట్టునా అండీ?”

“ఉత్తర్వు ప్రకారం అంతే.”

“మరి ఈ మధ్యలో కనిపిస్తున్నదేంటట?” అంది ఆవిడ, కొబ్బరిచెట్ల సందులోంచి మెరుస్తున్న నీళ్లని చూపిస్తూ.

“గోదారి.”

“అది ఏ గట్టున ఉందట?”

ఆవిడ దెప్పుతుందేమోనని ధర్మారావు ఎదురుచూశాడు. ఆవిడ దెప్పలేదు. కాగితం మడిచి అతని జేబులో పెట్టి, చల్లారిపోతోంది తాగండి అంది. ఇద్దరూ కాఫీ తాగారు. తర్వాత ఆవిడ నిద్రపోయింది.

మర్నాటి నుంచి మళ్లీ మామూలే. ఆ వారంలో ఒక పొద్దున ధర్మారావు ఎక్కిన బస్సు పెద్ద వంతెన మధ్యకి వచ్చేసరికి, ముందు ఏదో లారీ ఆగిపోయి, ఇటు బస్సులూ అటు బస్సులూ నిలిచిపోయాయి. పక్కనే ఆగిన బస్సు కిటికీలో భారతి. చెంప కిటికీకి ఆనించి కునుకుతోంది. ధర్మారావు కిటికీలోంచి పిలిచాడు. హారన్ల గోలలో వినపడలేదు. ఇంకోసారి గట్టిగా పిలిస్తే ఆవిడ కళ్లు తెరిచి, ఇతన్ని చూసి, గభాల్న చక్కగా కూర్చుంది. కాఫీ ఫ్లాస్కులో పెట్టానని అతను సైగ చేశాడు. కూర గూట్లో పెడతానని ఆవిడ సైగ చేసింది. అంతలో అటు బస్సు కదిలింది. ధర్మారావు పట్టుకున్న రాడ్డు వదిలేసి చెయ్యెత్తాడు.

అతను గోదారికి దండం పెడుతున్నాడనుకుని బస్సులో జనమంతా చేతులెత్తి దండాలు పెట్టారు. టిక్కెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు కూడా ఓ చెయ్యి నుదుటికి ఆనించుకుని, అతని దగ్గర ఆగాడు.

“ఎక్కడికండి?”

“ఆవలి గట్టుకి.”

కండక్టరు టిక్కెట్టు చింపి ఇస్తూ, దూరమవుతున్న బస్సుకేసి చూశాడు. “ఆ సిస్టరుగారు మీ ఆవిడగారాండి? అటెక్కడికండి?”

“ఆవిడా ఆవలి గట్టుకేనండి” అన్నాడు ధర్మారావు.